ఓరుగల్లు అడుగుల పద్దు

మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓ రోజు ఓరుగల్లు వీధులన్నీ చుట్టబెట్టారు. అంగళ్లు చూశారు. కోడిపందేల దగ్గర, పొట్టేళ్ల పోట్లాట దగ్గర ఆగారు. ఏకవీర గుడికి వెళ్లారు. పూటకూళ్లింట్లో రూక ఇచ్చి కడుపునిండా తిన్నారు. వినుకొండ వల్లభరాయుడి పేరుతో మనకు అందిన ‘క్రీడాభిరామం’ మొత్తం ఈ తిరుగుడే. కాకతీయుల రాజధానిలో జనం ఎలా బతికారో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ఆధారం దొరకదు కాబట్టే, 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసిన సురవరం ప్రతాపరెడ్డి ఈ కావ్యాన్ని విరివిగా వాడుకున్నారు. అయితే ఆ ఇద్దరూ ఎన్ని అడుగులు వేశారో కవి చెప్పలేదు. ఆ కాలంలో ఆ లెక్కతో ఎవరికీ పని లేదు.

ఇప్పుడు అదే ఊళ్లో, అంటే వరంగల్‌లో, భద్రకాళి చెరువు కట్ట మీద తెల్లవారుజామున నడిచేవాళ్లకు ఆ లెక్క కావాలి. మణికట్టు తిప్పి చూస్తారు. ‘ఆరు వేలైనయ్, ఇంకో రౌండ్ కొడితే అయిపోతది’ అనుకుంటూ మళ్లీ కదులుతారు. ఇంటికి చేరాక ఫోన్ తీస్తే, బ్యాండ్‌లోని అంకెలు అందులోకి చేరి గ్రాఫ్‌గా కనిపిస్తాయి.

ఈ రెండు నడకల మధ్య ఆరేడు వందల ఏళ్ల చరిత్ర ఉంది. అది కేవలం పరికరాల చరిత్ర కాదు. మనిషి అడుగును, నాడిని, సమయాన్ని ఎవరు కొలిచారు, ఎవరి కోసం కొలిచారు, రాసిన పద్దు ఎవరి దగ్గర ఉండిపోయింది అన్నదే ఇందులో అసలు విషయం. చేతి బ్యాండును ఫోన్‌తో జత చేసే చిన్న పనిని ఈ చరిత్రలో పెట్టి చూస్తేనే దాని విలువ, దానితో వచ్చే చిక్కు రెండూ అర్థమవుతాయి.

తెలుగునేల మీద మొదటి కొలబద్ద ఒళ్లే. బెత్తెడు, జాన, మూర, బార అన్నీ చేతి కొలతలు. దారి పొడవును కోసుల్లో, ఆమడల్లో చెప్పుకున్నారు. పొలం విషయానికి వచ్చేసరికి మాత్రం చేతి కొలత చాలలేదు, ఎందుకంటే అక్కడ పన్ను ఉంది. కాకతీయుల కాలం శాసనాల్లో భూమిని కొలిచే ‘గడ’ కనిపిస్తుంది, ‘మర్తురు’ లాంటి భూమి కొలతలు కనిపిస్తాయి. ఒకరి మూర ఇంకొకరి మూరతో సమానం కాదు కాబట్టి అందరూ ఒప్పుకునే కర్ర ఒకటి అవసరమైంది. ఆ కర్ర గ్రామానికి, గుడికి, రాజ్యానికి చెందింది. పద్దు రాతిమీదకు ఎక్కింది.

అడుగులకు రాజ్యంతో పని పడింది మరో ఐదారు వందల ఏళ్ల తర్వాత. 1802లో బ్రిటిష్ అధికారి విలియం లాంబ్టన్ మద్రాసులో మొదలుపెట్టిన భూమి సర్వే ఉత్తరానికి సాగుతూ నిజాం రాజ్యంలోకి వచ్చింది. 1818 చివర్లో హైదరాబాద్‌లో ఆయన దగ్గర చేరిన కుర్ర అధికారి పేరు జార్జ్ ఎవరెస్ట్. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్ని కొలిచే పని ఆయన నెత్తిన పడింది. 1819 వానల్లో ఆ అడవుల్లోనే ఎవరెస్ట్‌కూ ఆయన బృందానికీ విషజ్వరం పట్టుకుంది. పని ఆగిపోయింది. కోలుకోవడానికి ఆయన 1820లో దక్షిణాఫ్రికాలోని కేప్ దాకా ఓడెక్కి పోవాల్సి వచ్చింది. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరానికి తర్వాత ఈయన పేరే పెట్టారు. ఆయనకు తొలి దెబ్బ తగిలింది మాత్రం మన మన్యంలోనే.

ఆ సర్వే కొనసాగింపులోనే అడుగులు లెక్కపెట్టడం ఒక రహస్య విద్య అయింది. బ్రిటిష్ వాళ్లకు ప్రవేశం లేని టిబెట్‌ను కొలవడానికి 1860ల్లో హిమాలయ గ్రామాల నుంచి కొందరిని డెహ్రాడూన్‌లో తయారు చేశారు. వారిలో పేరు పొందినవాడు నైన్ సింగ్ రావత్. ఎత్తయినా పల్లమైనా ప్రతి అడుగూ ఒకే పొడవు పడేలా అతనికి సాధన చేయించారు. చేతిలో జపమాల ఇచ్చారు. మామూలు మాలకు 108 పూసలుంటే దానికి 100. వంద అడుగులకు ఒక పూస జరపాలి, అంటే మాల ఒక చుట్టు తిరిగితే పది వేల అడుగులు. చూసేవాళ్లకు జపం చేసుకునే యాత్రికుడు. ఆ పూసల లెక్కతోనే లాసా దాకా దారి కొలత పటమెక్కింది. నడిచింది నైన్ సింగ్, పద్దు సర్వే ఆఫీసుది.

నాడి కథ వేరు. అది మొదటినుంచీ రోగికీ వైద్యుడికీ మధ్య విషయం. కాకతి రుద్రమదేవి కాలంలో, 1261 నాటి మల్కాపురం శాసనం మఠానికి అనుబంధంగా ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను, వాటి ఖర్చుకు ఇచ్చిన దానాన్ని ప్రస్తావిస్తుంది. తెలుగునాట వైద్యులు చేతిపుస్తకంగా వాడుకున్న బసవరాజీయం నాడీ పరీక్షకు పెద్దపీట వేసింది. మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి వాతం, పిత్తం, కఫం ఏ తీరున ఉన్నాయో చెప్పేవారు. అందులో అంకె లేదు, నడక ఉంది. నాడికి అంకె తెచ్చింది గడియారం. ఇంగ్లండ్ వైద్యుడు జాన్ ఫ్లాయర్ 1707లో నిమిషం లెక్క చూపే గడియారంతో నాడి కొట్టుకోవడాన్ని లెక్కించే పద్ధతిని పుస్తకంగా వెలువరించాడు. ఆ పద్ధతే వరంగల్ ఆసుపత్రి మంచాల దాకా వచ్చింది. 1959లో కాకతీయ మెడికల్ కాలేజీ మొదలయ్యాక, ఎంజీఎం ఆసుపత్రి వార్డుల్లో చదువుకున్న ప్రతి విద్యార్థీ నేర్చుకున్న మొదటి పనుల్లో రోగి చెయ్యి పట్టుకుని గడియారం చూడటం ఒకటి. ఆ అంకె మంచానికి తగిలించిన షీటులోకి ఎక్కేది. రోగి డిశ్చార్జి అయితే షీటు ఆసుపత్రిలోనే ఉండిపోయేది.

సమయం కూడా ఇలాగే చేతులు మారింది. 1889 నాటికి సికింద్రాబాద్ నుంచి వరంగల్ మీదుగా బెజవాడకు రైలు దారి పడింది. రైలు వచ్చిన ఊరు గడియలు వదిలి నిమిషాలు లెక్కపెట్టక తప్పదు. 1934లో నిజాం పెద్ద కొడుకు పేరు మీద ఆజంజాహి మిల్లు వచ్చింది. వేల మంది కార్మికుల ఒళ్లు షిఫ్టులకు అలవాటు పడింది. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎంత పని చేశారు అన్నది మిల్లు హాజరు పట్టీ చెప్పేది. 2002లో మిల్లు మూతపడే దాకా ఈ ఊళ్లో ఒంటి శ్రమకు రాసిపెట్టిన లెక్క ఏదైనా ఉందంటే అది యజమాని పుస్తకంలోనే.

ఒంటి లెక్క సొంతానికి కావాలనే కోరిక మొదట కలిగేది ఆటగాళ్లకే. హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. వరంగల్ అర్బన్ జిల్లా హన్మకొండ జిల్లాగా మారి అప్పటికి నెల రోజులే. అక్కడి సింథటిక్ ట్రాక్ మీద పంజాబ్ అమ్మాయి హర్‌మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో ముగించింది. 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో సునీతా రాణి నెలకొల్పిన 4:06.03 జాతీయ రికార్డు పంతొమ్మిదేళ్ల తర్వాత మన ఊళ్లో చెరిగిపోయింది. తేడా సెకనులో వందో వంతులు 64. కంటికి అందని ఆ తేడా యంత్రానికి అందింది.

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి కథలోనూ ఈ వందో వంతులే ఉన్నాయి. 2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో, మేధో వైకల్యం ఉన్నవారు పోటీపడే టీ20 విభాగం 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ఆమె ప్రపంచ రికార్డు సృష్టించింది. అంతకు ముందున్న 55.12తో పోలిస్తే తేడా ఐదే వందో వంతులు. అదే ఏడాది సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. పల్లెటూరి కూలి కుటుంబంలో పుట్టిన అమ్మాయి పరుగు ప్రపంచానికి లెక్కలోకి రావాలంటే ఎవరో ఒకరు సమయం చూసి రాయాలి, ఆ రాతను అందరూ నమ్మాలి. కొలత వల్ల కలిగే మేలు ఇంతకన్నా స్పష్టంగా కనిపించే చోటు లేదు.

మరి మామూలు మనిషి నడకకు లెక్క ఎప్పుడు వచ్చింది?

అడుగులు లెక్కపెట్టే యంత్రం పాతదే. 1780 ప్రాంతంలోనే స్విట్జర్లాండ్ గడియారాల నిపుణుడు అబ్రహాం లూయీ పెర్లే అలాంటిది చేశాడు. నడక ఆరోగ్యానికి ఎందుకు మంచిదో లెక్కలతో తేల్చింది 1953లో జెరీ మోరిస్. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో కూర్చుని నడిపే డ్రైవర్ల కన్నా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువని ఆయన బృందం చూపించింది. 1964 టోక్యో ఒలింపిక్స్ ఊపులో, మరుసటి ఏడాది జపాన్ కంపెనీ యమాసా నడుముకు తగిలించుకునే ‘మాన్పొకెయ్’ను అమ్మకానికి పెట్టింది. ఆ పేరుకు పది వేల అడుగుల మీటరు అని అర్థం. ఇవాళ భద్రకాళి బండ్ మీద అందరి నోటా వినిపించే పది వేలు అక్కడి నుంచి వచ్చిందే, వైద్య పరిశోధన తేల్చిన అంకె కాదు. 2019లో అమెరికాలో 16,741 మంది పెద్దవయసు మహిళల మీద వెలువడిన అధ్యయనంలో రోజుకు సుమారు 4,400 అడుగులు వేసేవారిలోనే మరణాలు బాగా తగ్గినట్టు, 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా లేనట్టు కనిపించింది. మోకాళ్ల నొప్పితో పది వేలు చేరలేక దిగులు పడే పెద్దలకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

యంత్రం 1965లోనే ఉన్నా అది వరంగల్ జనం నడుముకు ఎక్కలేదు. కొన్నవాళ్లు కూడా పట్టుమని నెల వాడి సొరుగులో పడేసేవారు. కారణం తేలికే. సాయంత్రం అది చూపిన అంకె మర్నాటికి సున్నా అయిపోతుంది. ఎవరైనా నోట్‌బుక్‌లో రాసుకుంటే తప్ప నిన్నటి నడకకు, పోయిన నెల నడకకు గుర్తు ఉండదు. కొలత ఉంది, పద్దు లేదు. ఆ పద్దు పుస్తకం జేబులో ఫోన్ రూపంలో వచ్చాకే పరికరానికి ప్రాణం వచ్చింది.

ఆ రెంటినీ కలిపిన తీగ లేని దారి బ్లూటూత్. 1994లో స్వీడన్‌లోని ఎరిక్‌సన్ కంపెనీలో దీని పని మొదలైంది. 1998లో ఎరిక్‌సన్, ఇంటెల్, నోకియా, ఐబీఎం, తోషిబా కలిసి సంఘంగా ఏర్పడ్డాయి. కానీ మొదటి బ్లూటూత్ కరెంటు బాగా తాగేది. చిన్న బ్యాండు బ్యాటరీ దాన్ని మోయలేదు. నోకియా 2006లో బయటపెట్టిన తక్కువ ఖర్చు పద్ధతి మెరుగుపడి 2010లో బ్లూటూత్ 4.0లో చేరింది. 2011 ఐఫోన్‌లో, 2013 ఆండ్రాయిడ్‌లో దానికి చోటు దొరికింది. 2007లో జేమ్స్ పార్క్, ఎరిక్ ఫ్రీడ్‌మన్ స్థాపించిన ఫిట్‌బిట్ అప్పటికే అమెరికాలో బాట వేసింది. మన దగ్గర తలుపు తెరిచింది ధర. 2015 ఏప్రిల్‌లో షావోమీ ఎంఐ బ్యాండును భారత్‌లో 999 రూపాయలకు తెచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది.

ఆ తొలి ఎంఐ బ్యాండును దగ్గరగా చూస్తే జత చేయడం ఎంత ముఖ్యమో తెలుస్తుంది. దానికి తెర లేదు. మూడే మూడు చిన్న లైట్లు. ఎన్ని అడుగులు వేశామో అది చెప్పదు, ఫోన్ చెప్పాలి. తెర ఉన్న తర్వాతి బ్యాండ్లయినా చార్జింగ్ పూర్తిగా అయిపోయి మళ్లీ లేస్తే చాలాసార్లు టైమే మరచిపోతాయి. ఫోన్ దగ్గరికి వచ్చాకే సరైన గంట చూపిస్తాయి.

జత కలిసే తీరు ఇలా ఉంటుంది. ఫోన్‌లో బ్లూటూత్ ఆన్ చేసి యాప్ తెరుస్తారు. ఎవరితోనూ కలవని బ్యాండు తన పేరును చిన్న చిన్న సంకేతాలుగా గాలిలోకి వదులుతూ ఉంటుంది. ఫోన్ వాటిని పట్టి జాబితా చూపిస్తుంది. కట్ట మీద పదిమంది పక్కపక్కన ఉంటే ఒకే మోడల్ పేర్లు నాలుగైదు కనిపించవచ్చు. చివరి అంకెలు చూసి తనది పోల్చుకోవాలి. నొక్కగానే బ్యాండు మణికట్టు మీద వణుకుతుంది, దాని మీద ఒకసారి తట్టి ఒప్పుకోవాలి. ఆ క్షణంలో రెండూ ఒక రహస్య తాళంచెవిని పంచుకుని దాచుకుంటాయి. ఇక మీదట దగ్గరికి రాగానే ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. అమెరికాలో ఉన్న కొడుకు తన పాత బ్యాండు హన్మకొండలో తల్లికి ఇచ్చిపోతే అది ఆమె ఫోన్‌లో కనిపించక సతాయించేది ఇందుకే. కొడుకు ఖాతాతో జత తెంపి, బ్యాండును రీసెట్ చేస్తే గానీ అది కొత్త ఫోన్‌కు చిక్కదు.

ఆండ్రాయిడ్ ఫోన్లలో మరో చిక్కు ఉండేది. అడుగులు లెక్కపెట్టే బ్యాండుకు లొకేషన్ ఎందుకని చాలామంది పర్మిషన్ వద్దని నొక్కేవారు, జత కలిసేది కాదు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలు వెతకాలంటే లొకేషన్ అనుమతి తప్పనిసరి చేశారు, ఎందుకంటే దగ్గరున్న పరికరాలను బట్టి మనిషి ఎక్కడున్నాడో కనిపెట్టవచ్చు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 దీనికి వేరే అనుమతి పెట్టింది.

తర్వాత యాప్ ఎత్తు, బరువు, వయసు అడుగుతుంది. ఎత్తును బట్టి అడుగు పొడవు అంచనా కట్టి, అడుగుల నుంచి దూరం తీస్తుంది. అయితే బ్యాండు చూసేది కాలిని కాదు, చేతి ఊపును. కొత్తవాడలో మగ్గం మీద దర్రీ నేసే మనిషి కూర్చున్నచోటే చేతులు ఆడిస్తుంటే దాన్ని నడకగా పొరబడవచ్చు. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాను రెండు చేతులా పట్టుకుని మోసే హమాలీ నడకలో చాలా అడుగులు జారిపోవచ్చు. జిల్లాలో అందరికన్నా ఎక్కువ ఒళ్లు వంచేవారి లెక్కే దీనిలో సరిగా పడదు. వాకింగ్‌కు పోయేవాళ్లను మనసులో పెట్టుకుని చేసిన సరుకు ఇది.

వాకింగ్‌కు పోవడానికి ఊళ్లో కారణాలూ పెరిగాయి, చోట్లూ పెరిగాయి. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా కట్టింది. షుగర్ చీటీ రాసే ప్రతి డాక్టరూ నడవమనే చెబుతున్నారు. వారసత్వ నగరాల కోసం 2015లో కేంద్రం ప్రారంభించిన హృదయ్ పథకానికి ఎంపికైన 12 నగరాల్లో వరంగల్ ఒకటి. భద్రకాళి చెరువు కట్ట ఆ పథకం కిందే నడక బాటగా రూపుదిద్దుకుంది. కరోనా కాలంలో ఆక్సిజన్ శాతం అనే మాట ఇంటింటికీ చేరింది, బ్యాండు కొనేటప్పుడు అది కూడా చూపిస్తుందా అని అడగడం మొదలైంది.

ఇన్నాళ్లకు నడిచినవాడి లెక్క నడిచినవాడి చేతికే వచ్చినట్టు కనిపిస్తుంది. నిజానికి చేతికి వచ్చింది అంకె. పద్దు మళ్లీ దూరంగానే ఉంది. ఫోన్ నుంచి అది కంపెనీ సర్వర్‌కు పోతుంది. 2018 జనవరిలో ఆస్ట్రేలియా విద్యార్థి ఒకరు, పరుగులూ నడకలూ నమోదు చేసే స్ట్రావా యాప్ విడుదల చేసిన ప్రపంచ పటాన్ని పరిశీలించి, ఎడారుల మధ్య వెలుగుతున్న గీతలు సైనిక స్థావరాల్లో జవాన్లు పరుగెత్తిన దారులని గుర్తించాడు. నైన్ సింగ్ ప్రాణాలకు తెగించి పూసల్లో దాచుకొచ్చినటువంటి సమాచారాన్ని ఈ జవాన్లు తెలియకుండానే పటమెక్కించారు. ఫిట్‌బిట్‌ను గూగుల్ కొన్నది 2021 జనవరిలో. దానికి అనుమతి ఇస్తూ యూరప్ నియంత్రణ సంస్థలు తమ ప్రజల ఆరోగ్య సమాచారాన్ని పదేళ్లపాటు ప్రకటనలకు వాడరాదని షరతు పెట్టాయి. ఆ షరతు యూరప్ వాళ్లకే.

మన దగ్గరా ప్రభుత్వం ఒంటి లెక్కలు రాయడం మొదలుపెట్టింది. 2022 మార్చిలో తెలంగాణ హెల్త్ ప్రొఫైల్ పథకాన్ని ప్రయోగాత్మకంగా ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ప్రారంభించారు. ములుగు ఒకప్పటి వరంగల్ జిల్లాలోదే. ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వెళ్లి బీపీ, షుగర్ లాంటివి చూసి నమోదు చేశారు. అడవి పల్లెలో ముసలవ్వ బీపీ మొదటిసారి ఒక పద్దులోకి ఎక్కడం చిన్న సంగతి కాదు. ఆ రాతల్లో తనవి తాను చూసుకునే వీలు, తప్పుంటే దిద్దించుకునే వీలు ఆ అవ్వకు ఉండాలి.

2023 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో పనికొచ్చే మాట ఒకటుంది. ఏ సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఇంగ్లీషులోనే కాక, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే అవకాశం ఇవ్వాలని ఆ చట్టం చెబుతోంది. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. అయినా కొత్త బ్యాండు జత చేసే చోట ఇంగ్లీషు పేజీ కిందికి తోసి, చదవకుండానే ‘అగ్రీ’ నొక్కడమే ఇప్పటి అలవాటు. అమ్మానాన్నలకు బ్యాండు కొనిచ్చే పిల్లలు ఆ పేజీలో ఏముందో వాళ్లకు విప్పి చెప్పాలి, అక్కర్లేని పర్మిషన్లు తీసేయాలి. ఊళ్లో వాకర్స్ సంఘాలు కంపెనీలను తెలుగు నోటీసు అడగాలి. ఆ మాట చట్టంలోనే ఉంది.